కోరంగి రేవు, గోదావరి తిప్పలు
(వార్షిక మహాసభలో పఠించిన యుపన్యాసము)



ఈ సభలో మన పూర్వుల నౌకాచరిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నాకు జాబు వ్రాసిరి. జాబు చివర వారొక చిన్న కోరికను గూడ చేర్చిరి. నేను సంస్కృతము చదివినవాడను గావున, పురాణములు గాలించి మన వంశము అగ్నికుండమునుండి యెట్లుద్భవించినదో ప్రమాణశ్లోకములతో నిరూపింపవలెనట. ఆ జాబు నాలుగు మాసములు నా బల్లమీదనే యున్నది. శ్లోకములు దొరకకపోలేదు. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దమంజరి వల్లె వేయించినవానికి శ్లోకములు దొరకుట కష్టము గాదు. కాని వానిని ముందు పెట్టుకొని కూర్చుండినపుడెల్ల మా తాతగారు తలపునకు వచ్చెడివారు. ఆయన పుట్టినది తిప్పమీద, పెరిగినది పడవలో, ఆయనకు అగ్నితో నున్న పరిచయమెల్ల చుట్ట ముట్టించుకొనునంత మాత్రమే. కావున పెద్దలు నన్ను క్షమింపవలెను. అగ్ని మాట మఱియొక యేడు చూచుకొందము. నేడు నీటినిగూర్చి చెప్పెదను.

గోదావరి ధవళేశ్వరము దాటినపిమ్మట చీలి, పాయలై సముద్రమును జేరును. ఆ పాయలను ఋషులు తమ తమ పేరుల గొనిపోయిరని మన పెద్దలు చెప్పుదురు. తుల్యభాగ చొల్లంగివద్దను, ఆత్రేయ కోరంగివద్దను, వసిష్ఠ అంతర్వేదివద్దను సాగరసంగమము నొందును. పుష్య బహుళామావాస్యనాడు చొల్లంగిలో మునిగి, అచ్చటినుండి యొక్కొక్క సంగమమున స్నానము చేయుచు అంతర్వేదివఱకు బోవుటకు సప్తసాగరయాత్ర యని పేరు. సంతానము గోరువారు విశేషముగ నీ యాత్ర చేయుదురు. మాహాత్మ్యములలో ఈ సంగమముల పుణ్యమంతయు వర్ణితమైనది. అయితే వంతెనలు లేని కాలమున ఈ పాయలనెల్ల దాటింపక యాత్ర సాగదు గదా! దాటించినవారి ప్రసక్తి మాత్రము ఎచ్చటను లేదు. ఫలశ్రుతిలో గూడ లేదు.

ఇక తిప్ప యనగా నేమి? ఈ సభలో పట్టణవాసులగు యువకులు పలువురు గలరు గావున చెప్పవలసివచ్చినది. లంక వేఱు, తిప్ప వేఱు. లంక మంచినీటి నడుమ నుండును; అరటి, పొగాకు పండును; లంకభూములకు పట్టాలును, వ్యాజ్యములును గలవు. తిప్ప ఉప్పునీటి చెంతనుండును. పోటు వచ్చినపుడు చిక్కిపోవును. పాటు దిగినపుడు పెరుగును. నేటి తిప్ప వచ్చే యేటికి అచ్చట నుండునను నమ్మకము లేదు. అమరసింహుడు నీటినుండి పైకి లేచిన తటమును పులినమనియు, అదియే ఇసుకమయమైనచో సైకతమనియు విడదీసి చెప్పినాడు. నేను విద్యార్థిగా నున్నపుడు ఈ భేదము పండితుల చాదస్తమనుకొంటిని. మా వాండ్రు తిప్ప యనియు, దిబ్బ యనియు, పర్ర యనియు, మొగ యనియు ప్రతి మూరకు నొక పేరు పెట్టుకొనుట పిమ్మట గమనించి సిగ్గుపడితిని. నేల నిలుకడ లేనిచోట పేరు తప్పిన యెడల పడవ మెరకకెక్కును. అందుచేత వారికి పేరులు కావలసివచ్చెను.

కాకినాడ సముద్రమునకు అడ్డుగోడవలె ఉత్తరముగా సాగిన యిసుకదీవిని మీరందఱును ఎఱుగుదురు. పొడవు సుమారు 16 కిలోమీటరులు. ఇంగ్లీషు నావికులు దానికి తమ భాషలో 'ఆశ' యను నర్థము గల హోప్ అను పేరు పెట్టిరి. గోదావరి తెచ్చిన యిసుకచే నది గడచిన రెండు శతాబ్దులలో పెరిగినది. కావున అనాదిగా మేమిచ్చటనే యున్నామని ఆ దీవివాడెవడును అనజాలడు. దీవియే అనాదిగా లేదు. అయినను నేల లేచినవెంటనే పాక వేసినవారు మనవారే. దానివలన లోపలి రేవునకు అలల తాకిడి తగ్గినది. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని గలదు.

మన కోస్తా నౌకాయానము ఎంత ప్రాచీనమని అడుగువారికి చూపుటకు కొన్ని సాక్ష్యములు గలవు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకు నావికుడొకడు వ్రాసిన 'పెరిప్లస్' అను గ్రంథమున మన తీరమును మసాలియా యని పేర్కొని, అచ్చట సన్ననిబట్ట విస్తారముగ నేయుదురని చెప్పినాడు. ఇంకను దక్షిణముగా నున్న రేవులను వర్ణించుచు, దుంగలను జతగూర్చి కట్టిన పెద్ద నావలను 'సంగర' యందురని వ్రాసెను. రెండు పడవలను జోడించి కట్టిన దానిని మనవారు సంగడి యనుట అందఱికిని తెలిసినదే. స్నేహితుని సంగడీడు అనుటయు ఈ జోడింపునుండియే వచ్చినది. శాతవాహనుల సీసపు నాణెములపై రెండు కొయ్యల యోడ ముద్రింపబడియున్నది. ఇవి మనకు గర్వకారణములే.

వీనికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మోటుపల్లి శాసనము. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున దానిని వేయించెను. పూర్వరాజులు తుపానులో జిక్కి ఒడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ హరించుచుండిరనియు, తాము ధర్మమును, కీర్తిని గోరి ముప్పదింట నొకవంతు సుంకము దక్క మిగిలినదంతయు ఓడవర్తకులకే విడిచితిమనియు అందుగలదు. గొప్ప యభయశాసనమే. కాదనువాడెవడు? కాని దానిని నేను చదివినప్పుడెల్ల ఒక ప్రశ్న అడ్డువచ్చును. పగిలిన యోడనుండి సరకు ఒడ్డునకు జేరినది, వర్తకునకు చెల్లినది. ఆ యోడ నడపినవాడు ఏమయ్యెను?

ఇక కోరంగి. ఊరిపేరునకు స్థలపురాణము ఒకటి గలదు. మారీచుడు మాయామృగమై పరుగెత్తి యిచ్చట బడెననియు, కురంగమనగా జింక గనుక కోరంగి యయ్యెననియు, శ్రీరాముడు శివుని ప్రతిష్ఠించెననియు చెప్పుకొందురు. వ్యాకరణదృష్టితో నిది నిలువదు. పంచవటినుండి జింక యింతదూరము పరుగెత్తినదనుటయు కొంచెము కష్టమే. అయినను ఉప్పుమడల నడుమ నున్న రేవులోనివారు తమ యూరిని రామాయణమునకు గట్టుకొనిరి గదా, దానిని లాగివేయుట నా పని గాదు.

18వ శతాబ్దిలో ఆ ప్రాంతమునంతటను విదేశవర్తకులే. ఇంజరములో ఇంగ్లీషువారు, యానాములో 1723లో వచ్చిన ఫ్రెంచివారు. బట్టల మూటలు చుట్టుప్రక్కల నేతపల్లెలనుండి వచ్చి కోరంగిలో నోడలకెక్కెడివి. ఓడలను గట్టుటకును, బాగుచేయుటకును కోరంగి మిక్కిలి పేరుపొందెను. 19వ శతాబ్ది ఆదిని అచ్చట పెద్ద యోడలను జేర్చి మరమ్మతు చేయుటకు తగిన రేవుగుంటను గూడ నిర్మించిరి. తాళ్లరేవువైపు వడ్రంగులు బాడిస పట్టినచో కొలబద్ద అక్కఱలేదని వాడుక. సరంగు, తండేలు, కళాసి అను మాటలు మన యిండ్లలో దిగినది ఈ కాలముననే. నేటికిని ఈ మాటలు ఇంటిపేరులవలె కొందఱిని అంటియున్నవి.

ఆ కోరంగిని సముద్రము మూడుమారులు గొట్టెను. 1787 మే మాసమున ఒకమారు. మూడేండ్లు తిరుగకమునుపే 1789 డిసెంబరులో మఱియొకమారు. ఈ రెండవదానిని గూర్చి మిగిలిన వృత్తాంతమున మూడు అలలు వరుసగ వచ్చెనని యున్నది. మొదటిది ఊరిలో కొన్ని యడుగుల నీరు నింపినది. రెండవది పల్లపునేలనంతటిని ముంచినది. మూడవది సర్వమును కప్పివేసినది. రేవులోని యోడలు మెట్టకెక్కెను. చనిపోయినవారు 20,000 అని వ్రాసిరి. ఇంతకుముందు నేను జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన యిసుకదీవి ఆనాటికి నేటి రూపమున లేదు. రేవునకును సముద్రమునకును నడుమ ఆపువాడెవడును లేడు.

కలకత్తాలో నౌకావిచారణసభ కధ్యక్షుడుగా నుండిన హెన్రీ పిడింగ్టన్ అను దొర ఇట్టి తుపానులను గూర్చి పరిశోధించుచు, కోరంగి తుపానును గూర్చియు వ్రాసెను. చుట్టచుట్టుకొన్న పామును దలపించు గ్రీకుమాటనుండి 'సైక్లోన్' అను పదమును గల్పించి, 1848లో అచ్చయిన తన నావికగ్రంథమున వాడెను. ఇప్పుడు లోకమంతయు ఆ మాటనే వాడుచున్నది. మంచిదే, గాలి తిరుగుతీరును ఆ మాట చక్కగ చెప్పును. కాని మా నాయనమ్మకు ఆ మాట తెలియదు. ఆమె గాలివాన యనును, ఉప్పెన యనును. ఒకదానికి బదులు మఱియొకటి యెన్నడును అనదు. గాలివాన పాకలు లేపును. మనిషి కొయ్యను కౌగిలించుకొని బ్రదుకవచ్చును. ఉప్పెన అట్లు కాదు, సముద్రమే ఇంటికి వచ్చుట. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది జనమును జంపినది గాలికంటె నెక్కువగ ఆ నీరే. చంపునది నీరని చదువురాని ముసలమ్మ ఒక్క మాటలో విడదీసి యుంచినది. ఆ రెండు మాటలను గలిపి 'తుపాను' అని సరిపెట్టుకొనువారు నేటి చదువరులే.

మూడవది 1839 నవంబరు 25. దీనిని గూర్చి ఒక్క విషయము నిష్కర్షగ చెప్పవలసియున్నది. ఈ తుపానులో 3,00,000 మంది చనిపోయిరనియు, 20,000 నావలు నాశమయ్యెననియు నేడు పలు పుస్తకములలో నున్నది. మన సంచికలలో గూడ నెవ్వరో ఎత్తి వ్రాసిరి. సరిగా ఇవే రెండంకెలు 1737లో గంగాసాగర ముఖమున వచ్చిన తుపానును గూర్చియు చెప్పుదురు. వంద యేండ్ల యెడముతో రెండు తుపానులు తలలను, నావలను ఒక్కటే లెక్కకు సరిగ ముంచునా? రెండుమారులు అప్పటికే దెబ్బతిన్న రేవులో 20,000 నావలు నిలుచుటకు చోటెక్కడ? ఒక్క లంగరైన వేసినవాడు ఈ లెక్క విని నవ్వును. ఒకరి యంకె మఱియొకరికి తగిలించినట్లున్నదని నా యభిప్రాయము. చచ్చినవారు కొన్ని వేలేయైనను మన దుఃఖమునకు కొఱత రాదు. అరువు తెచ్చుకొన్న యంకెలు మనకేల?

సముద్రము అన్నివేళల కొట్టునదియే కాదు. అంతర్వేది ఆలయకథ ఇందఱిలో తెలియనివారుండరు. బెండమూర్లంకకు జెందిన కోపనాతి కృష్ణమ్మగారు మనవారు, ఓడల యజమాని. నరసింహస్వామి గుడి శిథిలమైయుండగా కట్టుమని యడిగినవారిని ఆయన మొదట లెక్కచేయలేదట. అంతట ఆయన యోడలు సముద్రమున కనబడకుండ బోయినవి. స్వామికి మ్రొక్కుకొనగా క్షేమముగ తిరిగివచ్చినవి. ఆయన మాట నిలుపుకొని 1823లో నేటి యాలయమును పూర్తిచేయించెను. కథలో నాకు నచ్చినది మ్రొక్కు కంటె ముందటి మాట. ఆయన మొదట ఒప్పుకొనలేదని కథ చెప్పినవారు దాచలేదు. దాతల కథలలో ఇట్టి నిజము అరుదు. ఈ వేదికపైనున్న దాతలు నవ్వుచున్నారు గావున నాకు ధైర్యము కలిగినది.

కోరంగిని తుదకు చంపినది ఉప్పెన గాదు, ఒండ్రు. పాయ పూడిపోయెను. ఓడలు లోపలికి రాలేక కాకినాడ యెదుట నిలువసాగెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై డెల్టాలో ధాన్యము పెరిగెను. 1860 తరువాత అమెరికా యంతర్యుద్ధముచే ప్రత్తి గిరాకి పెరిగెను. ఆ లాభమంతయు కాకినాడకు జేరెను. రేవు పోయినను రేవువారికి కడుపు పోదు గదా! మనవారు ఓడలెక్కి రంగూను పోయిరి. అచ్చట ఓడల సరకు దింపుటయు, ధాన్యపు మిల్లులలో బస్తాలు మోయుటయు వారి పని. ఏ జిల్లానుండి పోయినను బర్మావారు తెలుగు కూలీలనందఱిని 'కోరంగీ' లనిరి. అది గౌరవముతో పిలిచిన పిలుపు గాదు. రేవు పూడిపోయిన తరువాత దాని పేరు సముద్రమునకావల తిట్టై మిగిలెను. ఆ రంగూనులోనే ఓడసరకుల గుత్తచే ధనము సంపాదించి, ఆ ధనమును కాకినాడలో పేదవిద్యార్థుల చదువునకై ధర్మసంస్థగ నిలిపిన కోరంగివాడు మల్లాడి సత్యలింగము నాయకరుగారు. ఆయన దయతో చదివినవారు ఈ సభలో గలరు. నేను వారిలో నొకడను.

మా తాతగారును రంగూను పోయిరి. 1930 మే మాసమున రేవుకూలీలపై జరిగిన దొమ్మీలో ఆయన బస్తాల చాటున దాగి బ్రదికిరి. 1942లో జపానువారు వచ్చినపుడు కాలినడకను అరకాను కొండలు దాటి, చిట్టగాంగు మీదుగ ఇల్లు చేరిరి. నలుగురు బయలుదేరిరట, ఇద్దఱు వచ్చిరి. మిగిలిన యిద్దఱి పేరులు నాకు తెలియవు. చిన్నతనమున అడుగలేదు. ఆయన చెప్పుటకును ఇష్టపడలేదు.

ఇక నా సంగతి. 1996లో నేను గౌతమీముఖమున నొక పల్లెబడిలో తెలుగు బోధించుచుంటిని. నవంబరు 6 సాయంకాలము, దీపావళికి నాలుగు దినములు ముందు, కాకినాడకు దక్షిణముగా తుపాను తీరము దాటెను. భైరవపాలెము, బలుసుతిప్పల మాట మీకు చెప్పనక్కఱలేదు. వేటకు బోయిన పడవలు తిరిగిరాలేదు. మడకాలువలలో రొయ్యపిల్లలు పట్టుటకు బోయిన స్త్రీలును, పిల్లలును తిరిగిరాలేదు. మడయడవి దట్టముగనున్నవైపు కొంత జనము నిలిచిరి, నఱికినచోట నిలువలేదు. ఇది నేను కంటితో చూచినది.

బడి మరల తెఱచిననాడు హాజరుపట్టీ తీసి అలవాటు చొప్పున పేరులు పిలిచితిని. పిలిచిన పిమ్మటగాని నేను చేసిన పని నాకు తెలియలేదు. మొదటి పేరునకు పలుకు లేదు. వెనుక బల్లనుండి ఒక పిల్లవాడు లేచి, "లేడండీ, గంగలో పోయాడండీ" అనెను. నేను ఆపివేయవలసినది, ఆపలేదు. చివరివఱకు పిలిచితిని. ఏడు పేరులకు ఆ పిల్లవాడే లేచి అదే మాట చెప్పెను. కొన్ని వారముల పిమ్మట పైయధికారి వచ్చి పట్టీ చూచి, ఆ పేరులకెదుట కారణము వ్రాయుమనిరి. మరణమని వ్రాయుటకు పత్రము కావలెను. శవము దొరకనిదే పత్రము లేదు. 'దీర్ఘకాలము గైరుహాజరు' అని నా చేతితోనే వ్రాసితిని. వ్యాకరణదోషము లేని వాక్యమే. ఇరువది యెనిమిది సంవత్సరములు బోధించిన పిమ్మట గూడ అంతకంటె తప్పు వాక్యమును నేను వ్రాసియుండలేదు.

అయ్యా, మోటుపల్లి శాసనమున సరకు లెక్క యున్నది. రేవు దస్తరములలో ఓడల లెక్కయు, సుంకముల లెక్కయు నున్నది. 1839 తుపానునకు లేని లెక్కయు పుట్టినది. పోయినవాని పేరు మాత్రము వాని యింట తప్ప మఱెచ్చటను లేదు. ఆ యింటి ముసలిది పోయినయెడల అచ్చటను లేదు. మన సంఘము ఏటేట ఈ సంచికను వెలువరించుచున్నది. మొదటి పుటలలో దాతల చిత్రములుండుట ఉచితమే. వారు లేనిదే సంచిక లేదు. నేను కోరునది, వచ్చే సంవత్సరపు సంచికలో నాలుగు పుటలు విడువుడని. ఊరిపేరు, మనిషిపేరు, ఏ పడవలో బోయినాడు, ఏ నాడు బోయినాడు. ఇంతే. విశేషణములు వలదు. 1996తో ఆరంభింపవచ్చును, 1977లో దివిసీమకు బోయిన మన బంధువులను చేర్పవచ్చును, రంగూను త్రోవలో పోయినవారి పేరులు ఏ ముసలివారికైన జ్ఞాపకమున్న యెడల ఈ చలికాలములోనే పోయి అడుగవలెను. మన విద్యార్థివసతిగృహములోని కుఱ్ఱవాండ్రు సెలవులలో తమ యూళ్లకు బోవునపుడు తలకొక నోటుపుస్తకము చేతికిచ్చిన చాలును. గాలులకును, పోటుపాటులకును ముసలివారు వాడు మాటలను గూడ అదే పుస్తకమున వ్రాసికొనిరండని చెప్పెదను. ఈ పని తప్పులు దిద్దుటకు నేను జీతము లేని గుమాస్తాగ నుందును.

ఆ ఏడు పేరులును, తండ్రుల పేరులతోను, తరగతితోను ఈ కాగితముపై వ్రాసి తెచ్చితిని. సభ ముగియకమునుపే దీనిని కార్యదర్శిగారి చేతికిచ్చుచున్నాను.